తేదీ లేని ఎదురుచూపు

2024 డిసెంబరు 12 సాయంత్రం లాస్ ఏంజెలెస్‌లో ‘ది గేమ్ అవార్డ్స్’ వేడుక జరిగింది. మనకు అప్పటికి మర్నాడు తెల్లవారుతోంది. పేరుకు అవార్డుల సభే గాని, చాలామంది కాచుకుని కూర్చునేది రాబోయే ఆటల ట్రైలర్ల కోసం. ఆ రోజు ట్రైలర్ల హోరులో ఒక చిన్న టీజర్ వచ్చింది. ఒక మహా యంత్రం, దాని ఒంటిమీద పాకుతూ పైకెక్కే చిన్న మనిషి. ఆ మనిషి ఎవరో, కథ ఏమిటో చెప్పలేదు. పని జరుగుతున్నన్నాళ్లు పిలుచుకోవడానికి పెట్టుకున్నట్టుగా పేరు కూడా ‘ప్రాజెక్ట్: రోబాట్’ అని మాత్రమే ఉంది. విడుదల తేదీ లేదు. అయినా పెద్ద ప్రాణి మీద చిన్న ప్రాణి పాకడం చూడగానే, ఇది ఎవరి చెయ్యో గుర్తుపట్టగలిగినవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు.

ఆ చెయ్యి ఫుమితో ఉయెదాది. ఆయన 1970లో జపాన్‌లోని హ్యోగో ప్రాంతంలో పుట్టారు. ఒసాకా కళా విశ్వవిద్యాలయంలో చదివింది చిత్రకళ. 1995లో ‘వార్ప్’ అనే కంపెనీలో యానిమేటర్‌గా చేరి, 1997లో సోనీకి వచ్చారు. అప్పటినుంచి ఆయన దర్శకత్వంలో వచ్చిన పెద్ద ఆటలు మూడంటే మూడు. 2001లో ‘ఈకో’, 2005లో ‘షాడో ఆఫ్ ది కొలోసస్’, 2016లో ‘ది లాస్ట్ గార్డియన్’. మొదటిదానికీ రెండోదానికీ మధ్య నాలుగేళ్లు. రెండోదానికీ మూడోదానికీ మధ్య పదకొండేళ్లు. ఆ తర్వాత ఎనిమిదేళ్లకు ఈ టీజర్.

ఒక వీడియో గేమ్ కోసం ఎదురుచూడటం గురించి చింతన ఏమిటని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. మన బతుకుల్లో పెద్ద ఎదురుచూపులు వేరే ఉన్నాయి. పరీక్ష ఫలితాలు, ఆస్పత్రి రిపోర్టులు, దూరాన ఉన్న పిల్లల ఫోను. అమెరికాలో గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డ మనవాళ్లు నెలనెలా వీసా బులెటిన్ తెరిచి, తేదీ ముందుకు జరిగిందా వెనక్కి పోయిందా అని చూసుకుంటారు. అలాంటి ఎదురుచూపుల్లో భయం కలిసి ఉంటుంది. భయం ఉన్నచోట ఇంకేదీ సరిగ్గా కనబడదు. ఒక ఆట కోసమో, ఇష్టమైన రచయిత తర్వాతి నవల కోసమో చూసే ఎదురుచూపులో ఆ భయం లేదు. రాకపోయినా మన ఇంట్లో పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. అందుకే ఎదురుచూడటాన్ని మర్యాదగా చేయడం ఎలాగో నేర్చుకోవడానికి ఇది మంచి చోటు. ఇక్కడ అలవడిన ఓర్పు రేపు పెద్ద విషయాల్లో కొంతైనా అక్కరకొస్తుంది.

ఉయెదా విషయంలో ఇంకో విశేషం ఉంది. ఆయన కోసం ఎలా ఎదురుచూడాలో ఆయన ఆటలే ముందుగా నేర్పి పెట్టాయి.

‘ఈకో’లో కొమ్ములతో పుట్టిన పిల్లవాణ్ణి ఊరివాళ్లు అరిష్టమని తీసుకెళ్లి, సముద్రం మధ్య ఉన్న కోటలో, రాతిపెట్టెలో పెట్టి వచ్చేస్తారు. ఎలాగో వాడు బయటపడతాడు. అదే కోటలో బందీగా ఉన్న యోర్దా అనే అమ్మాయి కనబడుతుంది. వాడి మాట ఆమెకు తెలియదు, ఆమె మాట వాడికి తెలియదు. ఇద్దరూ తప్పించుకోవాలి. కంట్రోలర్ మీద ఆర్1 బటన్ నొక్కిపెడితే వాడు ఆమె చెయ్యి పట్టుకుంటాడు. మనం వేలు తీస్తే వాడు చెయ్యి వదిలేస్తాడు. వేరే ఆటల్లో ఇలాంటి బటన్లు కాల్చడానికో గెంతడానికో ఉంటాయి; టకటకా నొక్కడమే నేర్పు. ఇక్కడ వేలు ఎత్తకుండా ఉంచడం నేర్పు.

వాడు పరిగెత్తగలడు. ఆమెకు అంత వేగం లేదు. వాడు లాగితే తూలుతూ వెనక వస్తుంది. ఆ తూలడం చూస్తే మన వేగం మీద మనకే చిరాకు వేస్తుంది. ఎత్తయిన గోడ ఎక్కాక వాడు కిందికి వంగి, చెయ్యి చాచి పిలవాలి. ఆమె విని, అటూఇటూ చూసి, దగ్గరికొచ్చి అందుకునేదాకా అలాగే ఉండాలి. తొందరపడి వదిలేసి దూరం వెళ్తే నల్లటి నీడలు వచ్చి ఆమెను ఎత్తుకుపోతాయి. ఆటను సేవ్ చేసుకోవాలంటే ఇద్దరూ ఒకే రాతిబల్ల మీద పక్కపక్కన కూర్చోవాలి. ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీత తెర మీద లేదు. మిగిలింది ఆ ఇద్దరు, ఆ కోట, గాలి చప్పుడు.

మోకాళ్ల నొప్పులున్న అమ్మను సాయంత్రం గుడిదాకా నడిపించేటప్పుడు నాకు ఈ ఆట తలపుకొస్తుంది. ఆమె నడక తగ్గినకొద్దీ నా నడక కూడా తగ్గించుకోవాలి. తగ్గించుకున్నాక, అది ఆలస్యం అనిపించడం మానేస్తుంది. ఆలస్యం అనేది నా లెక్కలో ఉంది, ఆమె లెక్కలో లేదు. ఇంకొకరి వేగాన్ని ఒప్పుకోవడం ప్రేమలో చిన్న భాగం కాదని ఇరవై ఏళ్లు దాటిన ఆట ఒకటి వేలి కొసతో నేర్పింది. ఒక కళాకారుడి వేగాన్ని ఒప్పుకోవడం కూడా ఆ కోవలోదే. ఆయనను మన పరుగులోకి లాగితే ఆయన పనీ తూలుతుంది.

రెండో ఆట ‘షాడో ఆఫ్ ది కొలోసస్’. చనిపోయిన మోనో అనే అమ్మాయిని బతికించుకోవాలని వాండర్ అనే యువకుడు ఆగ్రో అనే గుర్రం మీద, అడుగుపెట్టకూడదని చెప్పిన నేలకు వస్తాడు. అక్కడున్న పదహారు మహాకాయాలను పడగొడితే ఆమె లేస్తుందని ఒక గొంతు మాటిస్తుంది. ఆ పదహారు తప్ప ఆ నేల మీద వేరే శత్రువులు లేరు. ఊళ్లు లేవు, అంగళ్లు లేవు, దారిలో పలకరించే మనుషులు లేరు. కత్తిని ఎండలోకి ఎత్తితే వెలుగు ఒక దిక్కున కూడుకుంటుంది, అటు వెళ్లాలి. ఆ వెళ్లడానికి చాలా సేపు పడుతుంది. గుర్రం కూడా మనం తిప్పినట్టల్లా తిరిగే బండి కాదు, దాని బుద్ధి దానికుంది.

మొదటిసారి ఆడేవాళ్లకు ఆ ప్రయాణాలు ఖాళీగా అనిపిస్తాయి. మూడో నాలుగో మహాకాయం కూలాక ఆ ఖాళీ ఎందుకుందో తెలుస్తుంది. అవి మన జోలికి రాలేదు. మనమే వెతుక్కుంటూ వెళ్లి చంపుతున్నాం. పడిపోయేటప్పుడు కో ఒతాని కూర్చిన సంగీతం విజయభేరిలా ఉండదు, ఎవరో పోయినట్టు ఉంటుంది. ఒక్కొక్కటి పడినకొద్దీ వాండర్ రూపం చెడిపోతూ ఉంటుంది. తర్వాతి దాని దగ్గరికి వెళ్లే ఆ పొడవాటి దారిలో మనసు అడుగుతుంది: ఇదంతా చేయాలా? ఒకదాని వెనక ఒకటి వెంటవెంటనే వచ్చి ఉంటే ఆ ప్రశ్నకు చోటు ఉండేది కాదు. గెలుపు మత్తులోనే పదహారూ అయిపోయేవి.

కోరుకున్నదానికీ అది చేతికందడానికీ మధ్య దూరం ఉండటం మంచిదేనని అప్పటినుంచి నమ్ముతున్నాను. ఆ దూరంలో మన కోరిక ఎలాంటిదో మనకు కనబడుతుంది. రాత్రి ఆర్డరిస్తే పొద్దున్నే గుమ్మంలోకి వచ్చే రోజుల్లో ఆ దూరం రోజురోజుకీ కుంచించుకుపోతోంది. ఏది నిజంగా కావాలో, ఏది చేతికి దగ్గరగా ఉంది కాబట్టి కావాలనిపించిందో తేల్చుకునే వ్యవధి కూడా దానితోపాటే పోతోంది.

ఉయెదా పద్ధతిని తీసివేతల డిజైన్ అంటారు. ఆటలోకి ఏమేం చేర్చాలని కాక, ఏది తీసేస్తే ముఖ్యమైనది నిలబడుతుందని చూడటం. ‘కొలోసస్’కు ఆయన మొదట అనుకున్నవి 48 మహాకాయాలు. అవి 24 అయ్యాయి, చివరకు 16 మిగిలాయి. తీసివేత అంటే తేలికైన పని అనిపిస్తుంది గాని, చేసినదాన్ని పారేయడానికి చేయడంకన్నా ఎక్కువ గుండె ధైర్యం కావాలి. నెలల శ్రమ, బృందంలో ఒకరి ఇష్టం, ఖర్చయిన డబ్బు, ఇవన్నీ ‘ఉంచుకో’ అనే చెప్తాయి. వాటి మాట వినకుండా ఉండటానికి పట్టే కాలమే ఆ నాలుగేళ్లలోనూ, పదకొండేళ్లలోనూ కొంత ఉందనుకుంటాను.

ఆ పదకొండేళ్ల కథ చెప్పుకోదగ్గది. ‘ది లాస్ట్ గార్డియన్’ పని 2007లో మొదలైంది. 2009లో లాస్ ఏంజెలెస్‌లో ఈ3 అనే వీడియో గేమ్‌ల ప్రదర్శనలో దాన్ని ప్రకటించారు. 2011లో వస్తుందన్నారు. రాలేదు. ఆ ఏడాది చివర్లో ఉయెదా సోనీ ఉద్యోగం వదిలేశారు. ఆటను మాత్రం వదల్లేదు, ఒప్పందం మీద పని కొనసాగించారు. ప్లేస్టేషన్ 3 కోసం మొదలైన ఆట ఆ యంత్రం కాలం దాటిపోయి ప్లేస్టేషన్ 4కు మారింది. 2014లో ఆయన, పాత సహచరులు కలిసి ‘జెన్‌డిజైన్’ అనే చిన్న స్టూడియో పెట్టుకున్నారు. 2015 జూన్‌లో ఈ3లో ఆట మళ్లీ కనబడింది. 2016 డిసెంబరు 6న విడుదలైంది. జపాన్‌లో ‘ఈకో’ విడుదలైంది 2001 డిసెంబరు 6న. సరిగ్గా పదిహేనేళ్లు.

ఆ మధ్యకాలంలో ఏటా ఈ3 వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న, అది ఉందా పోయిందా అని. వెక్కిరింతలు కూడా వచ్చాయి. ఆలస్యం అయినంత మాత్రాన వచ్చేది గొప్పగా ఉంటుందని హామీ ఏమీ లేదు. ‘డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్’ అనే ఆటను 1997లో ప్రకటిస్తే 2011లో వచ్చింది, విమర్శకులు తీసిపారేశారు. కాబట్టి ఉయెదాను నమ్మినవాళ్లకు ఆయన పాత ఆటలు తప్ప పూచీకత్తు ఏమీ లేదు.

తీరా వచ్చిన ఆటలో ఏముంది? ఒక పిల్లవాడు, త్రికో అనే మహా జంతువు. పిల్లి, కుక్క, పక్షి కలిసిన రూపం. వాడు పిలుస్తాడు, చెయ్యి చూపుతాడు, దూకమంటాడు. త్రికో వెంటనే వినదు. చెవులు కదుపుతుంది, ఇంకెటో చూస్తుంది, గోక్కుంటుంది. కొంతసేపయ్యాక, దానికి తోచినప్పుడు దూకుతుంది. ఒంటికి గుచ్చుకున్న ఈటెలు పీకాలి, తిండి పెట్టాలి, పోరాటం తర్వాత బెదిరి ఉంటే మెడ నిమిరి శాంతపరచాలి. విమర్శకులు రెండుగా చీలిపోయారు. బటన్ నొక్కితే పని జరగాలి గదా, ఇదేం జంతువు అని కొందరు విసుక్కున్నారు. కెమెరా కుదురుగా లేదన్నారు, అది నిజమే కూడా. ప్రాణం ఉన్నది ఏదీ బటన్ నొక్కగానే కదలదని, అలా కదలకపోవడం వల్లే త్రికో ప్రాణంతో ఉన్నట్టుందని మరికొందరు అన్నారు. ఇన్నేళ్లు ఎదురుచూసినవాళ్ల చేతికి ఎదురుచూడమనే ఆటే వచ్చింది. దాన్ని వేళాకోళంగానూ తీసుకోవచ్చు. నాకైతే ఆయన ఒకే మాటను మూడుసార్లు, మూడు రకాలుగా చెప్పినట్టు అనిపించింది: ఎదుటి ప్రాణి నీ చెప్పుచేతల్లో లేదు, అయినా నీతో వస్తోంది, ఆ రావడం చాలు.

మా మేనల్లుడు హైదరాబాదులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడు ఫోనులో ఆడే యుద్ధపు ఆటలో కొద్ది నెలలకోసారి కొత్త సీజన్ వస్తుంది, కొత్త బట్టలొస్తాయి, కొత్త తుపాకులొస్తాయి, బాటిల్ పాస్ కొనుక్కోమంటుంది. ఒకరోజు నేను ఈ టీజర్ చూపిస్తే, “మావయ్యా, ఎప్పుడొస్తుందో తెలీని గేమ్ కోసం ఎందుకు చూస్తావు? ఈలోగా ఆడటానికి వంద ఉన్నాయి కదా!” అన్నాడు.

“ఆడుతూనే ఉన్నాగా. ఆడుతూ కూడా చూడొచ్చు.”

“వచ్చాక బాగోకపోతే?”

“బాగోలేదనుకుంటా. అంతే కదరా.”

వాడికి ఆ జవాబు నచ్చలేదు. వాడి ఆటను నేను చిన్నచూపు చూడను. స్నేహితులంతా రాత్రి పదింటికి చేరేది అక్కడే, వాడికి అది అరుగు. కాని ఎప్పుడు వెళ్లినా వేడిగా వడ్డించే హోటల్లో ఆకలికి పని తగ్గుతుంది. వాడి ఆట వాడికి దేనికోసమూ కాచుకునే అవసరం రానివ్వదు. తర్వాతిది వచ్చేసి ఉంటుంది, లేదా ఇన్ని రోజుల్లో వస్తుందని తెర మీద అంకెలు తగ్గుతూ కనబడుతుంటాయి. వెనక్కి తిరిగి, అయిపోయినదాని గురించి తలపోసే తీరికను మాత్రం అది ఇవ్వదు.

ఉయెదాను ఇష్టపడ్డవాళ్లకు ఆ తీరిక బోలెడు దొరికింది. వాళ్లు దాన్ని ఏం చేసుకున్నారో చూడండి. ‘కొలోసస్’ పూర్తిచేసిన కొందరు ఆ ఖాళీ నేలలో ఇంకా ఏదో రహస్యం దాగి ఉందని ఏళ్ల తరబడి వెతికారు. కొండలు ఎక్కారు, ఎవరూ వెళ్లని మూలలకు చేరారు, కొలతలు తీశారు, దొరికినవి ఒకరికొకరు చూపించుకున్నారు. వాళ్లు ఆశించిన ఆ చివరి రహస్యం దొరకలేదు. 2018లో ‘బ్లూపాయింట్’ స్టూడియో ఆ ఆటను కొత్తగా మలిచినప్పుడు, ఆ వెతుకులాటకు నమస్కారంగా నేల నిండా 79 నాణేలు దాచి, అన్నీ ఏరినవాళ్లకు ఒక కత్తి పెట్టింది. కొత్తది రాని కాలంలో పాతదాన్ని ఇంత లోతుగా చదివినవాళ్లు ఉంటే, ఆ కాలం వృథా అయిందని ఎలా అంటాం?

ఇంకొకరి కథ ఇంకా దూరం వెళ్లింది. హిదెతాకా మియాజాకి ఒరాకిల్ కంపెనీలో ఉద్యోగం చేసుకుంటున్న రోజుల్లో ‘ఈకో’ ఆడారు. ఆ ఆట చూశాకే ఆటలు చేసే పనిలోకి రావాలనిపించిందని ఆయనే చెప్పారు. 2004లో ‘ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్’లో చేరారు. తర్వాత ‘డార్క్ సోల్స్’, ‘ఎల్డెన్ రింగ్’ చేశారు. ‘ఈకో’కూ ‘ది లాస్ట్ గార్డియన్’కూ మధ్యలో ఉయెదా పేరు మీద ఒకే ఆట కనబడుతుంది గాని, ఆయన వేసిన విత్తు వేరే చేలలో పండుతూనే ఉంది.

ఉయెదా తీసివేతల పద్ధతినే మన ఎదురుచూపుకు కూడా వర్తింపజేసి చూస్తే బాగుంటుందనిపిస్తుంది. అంటే, ఎదురుచూపులోంచి ఏమేం తీసేయొచ్చో చూడటం. ముందుగా తేదీని తీసేయొచ్చు. తేదీ తెలిస్తే రోజులు లెక్కపెడతాం. లెక్కపెట్టిన రోజులు అడ్డంకుల్లా కనబడతాయి. ఫలానా తేదీ దాకా ఉన్న బతుకంతా దాటాల్సిన వాగు అవుతుంది. తేదీ లేకపోతే లెక్కపెట్టడానికి ఏమీ లేదు, ఈరోజు ఈరోజులాగే ఉంటుంది.

రెండోది హక్కును తీసేయడం. ఇది కష్టం. అభిమానం ముదిరితే బాకీగా మారుతుంది. ‘ఇన్నేళ్లు నీకోసం ఆగాం, కాబట్టి నువ్వు మాకు ఇవ్వాలి’ అనే మాట ప్రేమలాగే వినబడుతుంది. ఆయన మమ్మల్ని ఆగమని అడగలేదు. మేము కట్టిన డబ్బుకు ఇవ్వాల్సిన ఆట ఇచ్చేశారు, లెక్క అక్కడితో చెల్లు. 2020 మార్చిలో ‘ఎపిక్ గేమ్స్’ అనే కంపెనీ జెన్‌డిజైన్‌తో సహా మూడు స్టూడియోలతో ఒప్పందం ప్రకటించింది. అవసరమైతే ఆట తయారీ ఖర్చు మొత్తం తానే భరించడానికి, లాభం సగం సగం పంచుకోవడానికి, చేసిన ఆట మీద హక్కు స్టూడియోదిగానే ఉండటానికి అది ఒప్పుకుంది. డబ్బు పెట్టేవాళ్లే ఆట హక్కును చేసేవాళ్లకు వదిలినప్పుడు, చూసేవాళ్లం పట్టుబట్టడంలో అర్థం లేదు.

మూడోది ఊహను తీసేయడం. అంతా కాదు, ఎక్కువైనంత వరకు. టీజర్‌ను ఫ్రేము ఫ్రేముగా ఆపి, కథ ఇదీ ముగింపు ఇదీ అని ముందే కట్టుకుంటే, వచ్చే ఆట మన మనసులో ఉన్న ఆటతో పోటీ పడాల్సి వస్తుంది. మనసులోని ఆటకు కెమెరా ఎప్పుడూ తడబడదు, దానిలో లోపాలు ఉండవు. ఏళ్ల తరబడి చెక్కుకున్న ఊహ ముందు ఏ నిజమైన పనీ నిలవలేదు. పిల్లల విషయంలో, పెళ్లి విషయంలో, కట్టుకోబోయే ఇంటి విషయంలో కూడా మనం చేసేది ఇదే. వచ్చినదాన్ని చూడటం మానేసి, అనుకున్నదానితో తూచుతాం.

ఇవన్నీ తీసేశాక ఏం మిగులుతుంది? ఒక మనిషి ఎక్కడో పని చేసుకుంటున్నాడని తెలిసి ఉండటం, ఆ పని సవ్యంగా సాగాలని కోరుకోవడం. ఇంతే. చూడటానికి చాలా తక్కువ. కాని మనం ప్రేమించే దాదాపు అందరి విషయంలో మన చేతిలో ఉన్నది కూడా ఇంతే. దూరదేశంలో ఉన్న కొడుకు పనిలో తలదూర్చలేం. అలిగి మాట్లాడటం మానేసిన స్నేహితుడి మనసు ఎప్పుడు కరుగుతుందో రాసిపెట్టుకోలేం. సవ్యంగా ఉండాలని కోరుకుంటూ, తలుపు మూయకుండా, మన పని మనం చేసుకుంటాం.

వయసు సంగతి కూడా చెప్పుకోవాలి, అది ఎదురుచూపులో ఎవరూ పైకి అనని భాగం. 2005లో ‘కొలోసస్’ ఆడిన పాతికేళ్ల కుర్రాడికి ‘లాస్ట్ గార్డియన్’ వచ్చేసరికి ముప్ఫై ఆరు. టీజర్ చూసేసరికి నలభై నాలుగు. ఆనాడు రాత్రంతా మేలుకుని మహాకాయాల ఒంటిమీద వేలాడినవాడు ఇవాళ పదకొండింటికే ఆవులిస్తాడు. కళ్లకు రీడింగ్ అద్దాలు వస్తాయి, బొటనవేళ్ల చురుకు తగ్గుతుంది. చేసేవాళ్లకూ కాలం ఆగదు. ఉయెదాకు ఉద్యోగమిచ్చిన వార్ప్ అధినేత కెంజి ఈనో 2013లో, 42 ఏళ్లకే చనిపోయారు. టీజర్ వచ్చిన రోజుకు ఉయెదాకు 54 ఏళ్లు. ఇంకా ఎన్ని ఆటలు చేస్తారు? బహుశా ఇది ఒక్కటేనేమో. ఈ ఆలోచన మొదట గుబులు పుట్టిస్తుంది. కాసేపు దానితో కూర్చుంటే, తొందరపెట్టాలన్న కోరికే ఇంకా చచ్చుబడుతుంది. మిగిలినవి కొన్నే అయినప్పుడు వాటిని ఆయన ఇష్టం వచ్చినట్టు చేయనివ్వాలి కదా.

ఎదురుచూసినవాడు, అందుకున్నవాడు ఒకే మనిషి కాదు. మధ్యలో వయసు మారుతుంది, ఇష్టాలు మారతాయి. ‘లాస్ట్ గార్డియన్’లో కథ చెప్పే గొంతు ఆ పిల్లవాడిదే, పెద్దవాడయ్యాక. చిన్నప్పుడు ఒక ప్రాణితో గడిపిన కొద్ది రోజులను ఏళ్ల తర్వాత తలుచుకుని చెప్తుంటాడు. ఆ ఆట అనుకున్నట్టు 2011లోనే వచ్చి ఉంటే, ఆ గొంతు నాకు మామూలు వ్యాఖ్యానంలా వినబడి ఉండేది. 2016లో అది నా ఈడు మనిషి మాటలా వినబడింది. ఆలస్యం వల్ల ఆట మారిందో లేదో నేను చెప్పలేను. ఆడినవాడు మారాడు. అది ఆటకు మేలే చేసింది.

మేనల్లుడు అడిగిన ప్రశ్నకు ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు చెప్పగలను. ముక్కూమొహం తెలియనివాళ్లు ఏదో ఇస్తారని మనం ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండం. ఇంతకుముందు ఇచ్చినవాళ్ల కోసమే ఉంటాం. ముందుకు చూస్తున్నట్టు కనబడే ఈ చూపులో సగానికి పైగా వెనకటి రుణం ఉంది. కొత్త ఆట బాగుంటే ఆ రుణం పెరుగుతుంది. బాగోకపోతే పెరగదు. తగ్గే అవకాశం మాత్రం లేదు, ఎందుకంటే చెయ్యి వదలకుండా నడిచిన ఆ కోట దారులను ఎవరూ నా దగ్గర్నించి తిరిగి తీసుకోలేరు. ఇలాంటి లెక్కలో ఓడిపోయేది ఏమీ లేదు కాబట్టి నిశ్చింతగా ఆగవచ్చు.

ఆట వచ్చిన రోజున వాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటాను. కష్టమైన చోట్ల కంట్రోలర్ వాడి చేతికే ఇస్తాను, వాడి వేళ్లు చురుకు. నెమ్మదిగా నడవాల్సిన చోట్ల మాత్రం నేను తీసుకుంటాను.